మూడు దులుపులు

“దులపకుండా నీళ్ళల్లో వేస్తే అది ఉతకడం కాదు, నానబెట్టడం. మా అత్తయ్య నేర్పిన మొదటి పాఠం అది. భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకోవాలి, గుమ్మం వైపు తిరగాలి, మూడుసార్లు దులపాలి. మొదటి దులుపు దుమ్ముకి, రెండోది పురుగుకి, మూడోది వేసుకున్నవాడి పాపానికి అనేది. నవ్వకు తమ్ముడూ, నిజంగానే అనేది. ఆవిడ దులిపితే చొక్కా సంగతేమో గానీ, చొక్కా తాలూకు మనిషే శుభ్రపడినట్టుండేది.”

ఈ మాటలు చెబుతూ అక్క తన కూతురి స్కూలు గౌను మడత పెడుతోంది. రెండు చేతులకూ తెల్లటి నూలు తొడుగులున్నాయి. వాటి లోపల ఏముందో నేను చూశాను కాబట్టి అటు చూడకుండా మడత వైపే చూస్తున్నాను. ఎక్కడా గీత తప్పలేదు. ఇరవై ఏళ్ళు బట్టల మధ్య బతికిన చేతులు, తొడుగుల్లో ఉన్నా వాటి దారి వాటికి తెలుసు.

ఆమె కుటుంబం మా మేడమీద వాటాలో అద్దెకుంటుంది. కింద నేను కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు నడుపుతాను. నెలకోసారి ఊరి చివరి మందుల ఫ్యాక్టరీకి వెళ్ళి, అక్కడి ఉతుకుగదిలో చిరుగులు కుట్టే మిషనుకు నూనె పోసి, సూదులు మార్చి వస్తాను. ఆమెను మొదటిసారి చూసింది ఆ గదిలోనే. అక్కడ అందరూ ఆమెను ‘దులుపులక్క’ అనేవారు. మొదట్లో వెక్కిరింతగా పెట్టిన పేరే, పోనుపోను ముద్దుపేరయింది.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది పుళ్ళు మాన్పి, జ్వరాలు దించే యాంటీబయాటిక్ మందు. డ్రమ్ముల్లోకి ఎత్తే ఆ తెల్లటి పొడిని పనివాళ్ళు ‘పిండి’ అంటారు, ఎత్తే గదిని ‘పిండిగది’ అంటారు. పిండిగదిలో పనిచేసేవాళ్ళకు తల నుంచి కాలిదాకా కప్పే తెల్ల దుస్తులుంటాయి, ముక్కుకు ముసుగు, కళ్ళకు అద్దాలు ఉంటాయి, ఏటా డాక్టరు వచ్చి చూసి వెళతాడు. పని దిగాక ఆ దుస్తుల్ని విప్పి గుడ్డసంచుల్లో కుక్కి, మూతి బిగించి, గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి అవతలికి తోసేస్తారు. అవతల ఉతుకుగది. అక్కడ ముసుగూ లేదు, అద్దాలూ లేవు, డాక్టరూ లేడు. రెండు పెద్ద మిషన్లు, ఒక ఇస్త్రీబల్ల, ఒక కుట్టుమిషను, దులుపులక్క.

ఉదయం ఎనిమిదింటికి మొదటి సంచి విప్పేది. ఒక్కొక్క దుస్తునూ తీసి, వెనక గుమ్మంలో నిలబడి మూడుసార్లు దులిపేది. జేబుల మడతల్లోంచి, కుట్లలోంచి పిండి లేచి ఎండలో మెరిసేది. నేనూ చూశాను. నూనెడబ్బా చేత్తో పట్టుకుని, అందంగానే ఉందే అనుకుంటూ నిలబడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

“చెవి వెనకాల మొదలైంది,” అంది అక్క. “చీమ కుట్టిందనుకున్నా. ఆ చీమ నాలుగేళ్ళు పోలేదు. తర్వాత కనురెప్పలు. తర్వాత మణికట్లు, మెడ. రెండు రోజులు సెలవు పెడితే సగం తగ్గేది, పనిలోకి వెళ్తే మళ్ళీ మొదలు. సబ్బు పడలేదేమో అన్నారు. సబ్బు మార్చా. నీళ్ళన్నారు. కాచి చల్లార్చి పోసుకున్నా. మా ఆయనైతే, ‘నీకు పని చెయ్యడం పడట్లేదేమోనే’ అన్నాడు. హాస్యానికే అన్నాడనుకో. కానీ పుండు మీద కారం సరదాకి చల్లినా మంటే కదా!”

అక్క ‘మా ఆయన’ అనేది రొట్టెల బేకరీలో వ్యాను నడిపే మనిషిని. మంచివాడు. ఇంట్లో జరిగేవాటిలో మూడొంతులు అతని కంట పడవు.

అక్క కూడా కంట పడనివ్వలేదు. దానికి కారణం సోమవారం. ప్రతి సోమవారం పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర సూపర్‌వైజరు అందరి చేతులూ, ముఖాలూ చూస్తాడు. మందులు తయారయ్యే చోటికి పుళ్ళతో రాకూడదు. ఎవరి చేతి మీదైనా పొక్కు కనిపిస్తే తగ్గేదాకా ఇంటికి పంపిస్తాడు. రెండుసార్లు వెనక్కి వెళ్ళినవాళ్ళు మూడోసారి కనబడరు. అందుకని ఆమె వీధి చివరి మందుల కొట్టులో చిన్న తెల్లమాత్రలు కొనుక్కుంది. ఎంత దద్దురునైనా రెండు రోజుల్లో అణచిపెట్టే స్టెరాయిడ్ మాత్రలవి.

“శనివారం ఒకటి, ఆదివారం రెండు. సోమవారం పొద్దుటికి నా ముఖం తోమిన పళ్ళెంలా ఉండేది. సూపర్‌వైజరు, ‘నిన్ను చూసి నేర్చుకోవాలమ్మా అందరూ’ అనేవాడు! మాత్రలు సబ్బుపొడి డబ్బాలో దాచేదాన్ని. మా ఆయన ఎన్నడూ తెరవని డబ్బా ఇంట్లో అదొక్కటే, అందుకని.”

రానురాను రోజూ వేసుకున్నా, రెండేళ్ళ తర్వాత మాత్రలకు కూడా లొంగడం మానేసింది జబ్బు. ఒక బుధవారం మూడో సంచి దులుపుతుండగా ఆమె కనురెప్పలు రెండూ వాచి మూసుకుపోయాయి. ఇస్త్రీబల్ల పట్టుకుని తడుముకుంటూ బయటికి వచ్చింది. వ్యానులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు మొగుడు.

అక్కడి డాక్టరమ్మ కూడా మొదట సబ్బు గురించే అడిగింది. ఏదో రాసుకుంటూ రాసుకుంటూ, తలెత్తి, “ఎవరి బట్టలమ్మా ఉతికేది?” అంది.

ఆ సంగతి చెప్పేటప్పుడు అక్క మడత ఆపేసింది.

“నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు తమ్ముడూ. ఏ సబ్బు అని అడిగారు, ఏ నీళ్ళని అడిగారు, ఏం తిన్నావని అడిగారు. ఎవరి బట్టలని ఒక్కరూ అడగలేదు. నాకూ తోచలేదు. పిండిగదిలో నేనెప్పుడూ అడుగు పెట్టలేదు కదా.”

ఫ్యాక్టరీ మేనేజరు మాట కూడా అదే. డాక్టరమ్మ రాసిన ఉత్తరానికి అతను రెండు వరుసల జవాబిచ్చాడు: ఈమె పిండిగదిలో పనిచేయలేదు, ఈమె జబ్బుకూ మా మందుకూ సంబంధం లేదు. దాంతో సంగతి రుజువు దగ్గరికి వచ్చి ఆగింది. జబ్బు పిండి వల్ల వచ్చిందని రుజువైతే ఆమె పనివల్ల దెబ్బతిన్న మనిషి, వేరే పని చూపించమని అడగడానికి నోరుంటుంది. కాకపోతే ఆమె పని తప్పించుకోవడానికి ఒళ్ళు గోక్కున్న మనిషి. మధ్యలో ఇంకేమీ లేదు.

రుజువు ఎలా? మామూలుగా అయితే అనుమానమున్న మందును వీపు మీద అంటించి, రెండు రోజులు ఆగి చూస్తారట. ఆమె ఒంటి మీద అంటించడానికి ఖాళీ చోటే లేదు. అందుకని రక్తంతో చేసే పరీక్ష ఒకటుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ పరీక్ష గురించి అక్క నాకు చెప్పిన తీరు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

“రక్తంలో తెల్లకణాలని కాపలావాళ్ళుంటారంట. ఒకసారి ఎవడి మీదైనా పగబడితే వాడి ముఖం జన్మలో మర్చిపోరంట, అచ్చం మా తోటికోడల్లాగ. ఆ కణాల్ని ప్రాణంతో ఉండగానే బయటికి తీసి, పిండి చూపిస్తారు. గుర్తుపట్టాయనుకో, పగతో ఒకటి పదవుతాయి. గుర్తుపట్టకపోతే ఊరుకుంటాయి. అంటే సాక్ష్యం నేను చెప్పనక్కర్లేదు, నా రక్తమే చెప్తుందన్నమాట.”

నాకు తెలుసుకోవాలనే గుల ఎక్కువ. ఆస్పత్రి మూడో అంతస్తులో ఆ పరీక్ష చేసే అబ్బాయిని బతిమాలి అడిగితే, పని చేసుకుంటూనే చెప్పాడు. రక్తాన్ని చల్లబెట్టకూడదు, ఆలస్యం చేయకూడదు. తెల్లకణాల్ని వేరుచేసి, చిన్న చిన్న గుంటలున్న పళ్ళెంలో పోస్తారు. కొన్ని గుంటల్లో ఏమీ కలపరు. కొన్నింటిలో ఆ ఫ్యాక్టరీలో తయారయ్యే మూడు రకాల పిండీ విడివిడిగా, కొంచెం కొంచెంగా కలుపుతారు. చివరి గుంటల్లో ఎలాంటి కణాన్నయినా తట్టి లేపే పదార్థం ఒకటి వేస్తారు, కణాలు ప్రాణంతో ఉన్నాయని తెలియడానికి. తర్వాత మనిషి ఒంట్లో ఉన్నంత వేడిగా ఉండే పెట్టెలో ఆరు రోజులు ఉంచుతారు. ఏడో రోజు ఏ గుంటలో కణాలు ఎన్నింతలు పెరిగాయో చూస్తారు. ఆ పెట్టె తలుపు అద్దంలోంచి నేనూ చూశాను. పెరుగు గిన్నెలు పెట్టుకునే అల్మారాకంటే పెద్దదేం కాదు. ఒక మనిషి పరువు అందులో ఆరు రోజులు వెచ్చగా కూర్చుంది.

మొదటి పరీక్షలో కణాలు లేవలేదు. మూడు రకాల్లో దేనికీ లేవలేదు.

కాగితం నకలు ఫ్యాక్టరీకి వెళ్ళింది. మేనేజరు ఉతుకుగది గుమ్మంలో నిలబడి, బయట పనివాళ్ళందరూ వినేలా, “చూశారుగా” అన్నాడట. ఆ ఒక్క మాటే. ఆ సాయంత్రం మేడమీద మొగుడూ పెళ్ళాల మధ్య ఒక్క మాట వినబడలేదు. నేను కింద ఉన్నాను, వినబడితేనే బాగుండుననిపించింది.

మూడు రోజుల తర్వాత డాక్టరమ్మ కబురంపింది. తోడుగా నేనూ వెళ్ళాను. కాగితంలో చివరి వరుస మీద వేలుపెట్టి, ఎలాంటి కణాన్నయినా లేపాల్సిన పదార్థానికి కూడా ఈమె కణాలు సగం సగంగానే లేచాయని చూపించింది.

“ఏం మాత్రలు వాడుతున్నారమ్మా?”

“ఏమీ లేవండి.”

“నిద్రపోయేవాణ్ణి తట్టి లేపొచ్చు. మత్తు తాగి పడుకున్నవాణ్ణి ఎంత తట్టినా లేవడు. మీ కణాలు మత్తులో ఉన్నాయి. ఏం వేసుకున్నారు?”

అక్క నా వైపు చూసింది. తర్వాత నేల వైపు చూసింది. సబ్బుపొడి డబ్బా సంగతి అప్పుడు బయటపడింది.

“రక్తమిచ్చే ముందు రోజు కూడా వేసుకున్నారా?”

“ముందు రోజు మూడు వేసుకున్నానండి,” అంది అక్క నెమ్మదిగా. “మీ దగ్గరికి వస్తున్నాను కదా. పెద్దవాళ్ళ దగ్గరికి వచ్చేటప్పుడు ముఖం కాస్త శుభ్రంగా ఉండాలని…”

డాక్టరమ్మ నవ్వలేదు. కలం కిందపెట్టింది. జబ్బు చూపించుకోవడానికి వచ్చిన మనిషి జబ్బును కడిగి, ఇస్త్రీ చేసి తెచ్చింది. శుభ్రం చేయకుండా దేన్నీ ఒకరి చేతికివ్వని ఇల్లు ఆమెది. ఆ అలవాటే ఆమెను అబద్ధాలకోరును చేసింది.

మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. రోజుకింత తగ్గిస్తూ మూడు వారాలు, ఆ తర్వాత పూర్తిగా లేకుండా నాలుగు వారాలు ఉండాలని చెప్పింది డాక్టరమ్మ. అప్పుడు మళ్ళీ రక్తం తీస్తామంది.

ఆ ఏడు వారాల గురించి అక్క పెద్దగా చెప్పదు. నేను చూసింది చెబుతాను. రెండేళ్ళుగా అణచిపెట్టినదంతా ఒక్కసారి పైకి వచ్చింది. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, తడిగుడ్డ మెడ మీద వేసుకుని, గోక్కోకుండా చేతుల మీద తనే కూర్చునేది. స్కూలు నుంచి వచ్చిన కూతురు లెక్కల పుస్తకం అట్టతో విసిరేది. మొగుడు సబ్బుపొడి డబ్బా తెరిచి చూసి, మాత్రలన్నీ తీసుకెళ్ళి మందుల కొట్టు బల్ల మీద గుమ్మరించి, ఏమీ అనకుండా తిరిగి వచ్చాడు. ఆ రోజు నుంచి హాస్యాలాడటం మానేశాడు. అక్కకు అదింకా కష్టంగా ఉండేది.

“అనమను తమ్ముడూ, ఏదో ఒకటి అనమను. ఈ మనిషి ఇలా నోట్లో నాలుక లేనట్టుంటే నాకు నిజంగానే ఏదో అయిపోతోందని భయమేస్తోంది.”

ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీవాళ్ళు ఉతుకుగదికి వేరే మనిషిని పెట్టుకున్నారు. ఆ మనిషి అక్క మరిది భార్య. ఆమెకూ బట్టల పని నేర్పింది ఆ అత్తగారే. కబురు తనే చెప్పాలని ఆమె మేడ మెట్లదాకా వచ్చింది.

“అక్కా, వాళ్ళే పిలిచారు. నువ్వు లేచి వచ్చేదాకే.”

“నేను చచ్చానని ఎవరు చెప్పారే నీకు?”

“అదేం మాటక్కా…”

“నా ఒంటి మీద తడిగుడ్డ ఆరకముందే నా చోట్లో నిలబడ్డావు. వెళ్ళు, అమ్మా, వెళ్ళు. ఆలస్యమైతే సంచులు చల్లారిపోతాయి!”

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఇద్దరూ ఉప్పూ నిప్పూ. రెండిళ్ళకీ మధ్య ఉన్నది నాలుగు గుమ్మాలే.

రెండోసారి రక్తం తీసినరోజు అక్క ముఖం చూసి ఆస్పత్రి వరండాలో ఒకావిడ తన పిల్లను దగ్గరికి లాక్కుంది. అక్క గమనించింది. తల దించలేదు. కొంగు కూడా కప్పుకోలేదు. “ఇవాళ ఇలాగే ఉండాలి,” అంది నాతో.

ఏడో రోజు కాగితం వచ్చింది. మూడు రకాల పిండిలో రెండింటికి కణాలు ఊరుకున్నాయి. మూడోదానికి ఏడింతలు పెరిగాయి. ఆ కాగితం నాచేత మూడుసార్లు చదివించుకుంది.

“ఏడింతలా?”

“ఏడింతలక్కా.”

“అయితే నేను అబద్ధమాడలేదన్నమాట,” అంది. తను ఆడిందేమోనని తనకే సందేహం వచ్చిందని నాకు అప్పుడు తెలిసింది. అందరూ ఒకటే మాటంటే మనిషికి తన ఒంటి మీద తనకే నమ్మకం పోతుంది కాబోలు.

మేనేజరు కాగితం చూసి మొదటిసారి కుర్చీ చూపించి కూర్చోమన్నాడట. గౌరవంగానే మాట్లాడాడు. “మీ ఒంటి తత్వం అలాంటిదమ్మా. మీకు పడలేదు. మిగతావాళ్ళెవరికీ ఏమీ లేదు కదా,” అన్నాడు. వేరే పని చూపిస్తామన్నారు. కానీ ఆ పిండి గాలిలో కూడా తగలకూడదని డాక్టరమ్మ రాసింది. గేటు దగ్గర వాచ్‌మన్ చొక్కా మీద కూడా పిండి ఉండే చోట ఆమెకు తగిన మూల ఎక్కడుంటుంది? మాట నెగ్గింది, పని పోయింది. ఆ జాతి మందు ఎప్పుడూ ఎక్కించకూడదని రాసిన చిన్న కార్డు ఒకటి మిగిలింది. అది పర్సులో కూతురి ఫోటో వెనకాల పెట్టుకుంది. ఉతుకుగదికి కనీసం ముసుగులివ్వమని అడిగితే, “చూద్దాం” అన్నాడు మేనేజరు.

“చూడలేదు,” అంది అక్క. గౌను పక్కన పెట్టి, మొగుడి బేకరీ చొక్కా తీసుకుంది. దాన్ని దులపబోయి, చేతులు పైకెత్తి, మళ్ళీ దించేసింది. “వాళ్ళు చూడలేదు గానీ, నేను చూశా. మొన్న బస్టాపులో. మా తోటికోడలు. నన్ను చూసి అటు తిరిగింది. అటు తిరిగినప్పుడు చెవి వెనకాల గోక్కుంది.”

నేను తల తిప్పి ఆమె చెవి వైపు చూశాను.

“నాకూ అక్కడే మొదలైంది తమ్ముడూ. పైగా అది నాకంటే బాగా దులుపుతుంది. అత్తయ్య దాన్నే మెచ్చుకునేది. దాని దులుపుకి వీధి వీధంతా తిరిగి చూడాలి.” తొడుగుల వేళ్ళు సర్దుకుంది. “బస్సు ఎక్కి కూర్చున్నాక నాకు ఒక్క క్షణం, ఒక్క క్షణమే, అనుభవించనీ అనిపించింది. నీకు చెప్తున్నా, ఇంకెవరికీ చెప్పకు. తర్వాత దిగేదాకా నాకు ఊపిరాడలేదు.”

కింద వీధిలో బేకరీ వ్యాను హారను వినబడింది. ఆమె చొక్కా గబగబా మడిచేసి నా వైపు తిరిగింది.

“రేపు నువ్వు మిషను చూడ్డానికి వెళ్తున్నావు కదా?”

“వెళ్తున్నానక్కా.”

“అయితే దానితో చెప్పు. సంచి మూతి పైన విప్పొద్దు. సంచిని సంచిలాగే నీళ్ళల్లో ముంచి, లోపల చెయ్యిపెట్టి విప్పమను. పొడి పొడిగా ఒక్కటి కూడా గుమ్మంలోకి తీసుకెళ్ళొద్దను. దులపొద్దు. ఒక్క దులుపు కూడా వద్దు.”

“మీరు చెప్పారని చెప్పనా?”

“నేను చెప్పానంటే పంతానికి ఇంకో నాలుగు దులుపుతుంది. డాక్టరమ్మ చెప్పిందను.” మెట్ల దాకా నాతో వచ్చింది. నేను రెండు మెట్లు దిగాక మళ్ళీ పిలిచింది. “కాదు, ఆగు. నేనే చెప్పానను. అత్తయ్య చెప్పింది తప్పని మాత్రం అనకు, దానికి కోపమొస్తుంది. ఇళ్ళల్లో బట్టలకి అది సరే, ఈ బట్టలకి కాదని చెప్పు. ఇంకో మాట. ఆ మందుల కొట్టు దానికీ తెలుసు. మాత్రలు వేసుకోవద్దను. డాక్టరమ్మ దగ్గరికి ఉన్న ముఖంతో ఉన్నట్టే వెళ్ళమను. తోడు ఎవరూ లేకపోతే నన్ను పిలవమను.”

“సరేనక్కా.”

“సరే అని తొమ్మిదింటికి వెళ్ళేవు! మొదటి బస్సుకే వెళ్ళు తమ్ముడూ. ఎనిమిదింటికల్లా అది మొదటి సంచి విప్పేస్తుంది.”